యూపీఐతో ఆన్‌లైన్‌లో కొనేటప్పుడు పిన్ నొక్కే ముందు, నొక్కాక ఏం చేయాలి

"డబ్బులు పంపేశానండీ, సరుకు మాత్రం రాలేదండీ, బ్యాంకువాళ్లు వెనక్కి ఇప్పిస్తారా అండీ?" బ్యాంకులో చాలా ఏళ్లు పనిచేసి పదవీ విరమణ చేసి, రాజోలు దగ్గర సొంత ఊళ్లో స్థిరపడిన నాటి నుంచి పెళ్లిళ్లలోనూ, రేవు దగ్గరా, ఆఖరికి గుడి మెట్ల మీద కూడా నన్ను ఇదే ప్రశ్న అడుగుతున్నారు. అడిగేవారిలో చదువు రానివారి కంటే చదువుకున్నవారే ఎక్కువ. అడిగిన ప్రతివారికీ మొదటి నుంచి చెప్పుకురావడం కంటే, చేయవలసిన పనులన్నీ వరుసగా ఒకచోట రాసి పెడితే కొనే ముందే చూసుకుంటారని ఇది రాస్తున్నాను.

సిద్ధాంతం ఒక్కటి తెలిస్తే చాలు. 2016లో నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ మొదలుపెట్టిన యూపీఐ, ఒక ఖాతాలోని సొమ్మును క్షణాల్లో మరొక ఖాతాకు చేరుస్తుంది. దాని పని అక్కడితో సరి. మీరు కొన్నది చీరో, సెల్‌ఫోనో, అది ఇంటికి వచ్చిందో లేదో దానికి తెలియదు. అందుచేత ఒక మనిషి ఖాతాకు యూపీఐలో పంపిన సొమ్ము, నరసాపురం రేవులో గోదావరి దాటించే పంటు ఎక్కుతున్న అపరిచితుడి చేతిలో పెట్టిన నోటుతో సమానం. పంటు సఖినేటిపల్లి ఒడ్డుకు చేరాక ఇవతల నిలబడి ఎంత కేక వేసినా ఆ నోటు తిరిగి రాదు. జాగ్రత్త అంతా పిన్ నొక్కే ముందే పడాలి కనుక, కింది మెట్లలో ఎక్కువ భాగం డబ్బు కట్టే ముందు చేయవలసినవే.

ముందుగా సిద్ధం చేసుకోవలసినవి

• కొనుగోళ్లకు మాత్రమే వాడే చిన్న ఖాతా ఒకటి. ధాన్యం సొమ్ము, రొయ్యల చెరువు పట్టుబడి సొమ్ము, గల్ఫ్ నుంచి ఇంటివాళ్లు పంపే సొమ్ము పడే ఖాతాను యూపీఐ యాప్‌కు కలపకండి. కనీస నిల్వ అక్కరలేని ప్రాథమిక పొదుపు ఖాతా ఇందుకు సరిపోతుంది. అయితే ఇప్పటికే పొదుపు ఖాతా ఉన్న బ్యాంకులోనే దీన్ని రెండోదిగా ఇవ్వరు కాబట్టి, వేరే బ్యాంకుకు గానీ, పోస్టాఫీసులోని ఇండియా పోస్ట్ పేమెంట్స్ బ్యాంకుకు గానీ వెళ్లండి. నెలకు కొనుగోళ్లకు ఎంత అవసరమో అంతే అందులో ఉంచండి. ఈ వ్యాసంలో ఒక్క సలహా మాత్రమే పాటించే ఓపిక మీకుంటే, ఇదే పాటించండి.

• ప్లే స్టోర్ లేదా యాప్ స్టోర్ నుంచి మీరే స్వయంగా దించుకున్న యూపీఐ యాప్. భీమ్, ఫోన్‌పే, గూగుల్ పే, పేటీఎం, మీ బ్యాంకు సొంత యాప్, వీటిలో ఏదైనా ఫరవాలేదు. వాట్సాప్‌లో ఎవరో పంపిన ఏపీకే ఫైలు (స్టోర్‌తో పని లేకుండా ఫోన్‌లోకి యాప్ ఎక్కించే ఫైలు) నుంచి వచ్చినది మాత్రం ఎంత మంచి పేరుతో ఉన్నా తీసివేయండి.

• ఖాతాకు కలిపిన ఫోన్ నంబరు మీ చేతిలోని ఫోన్‌లోనే ఉండాలి. డబ్బు పోయిన సంగతి మొదట చెప్పేది బ్యాంకు పంపే ఎస్సెమ్మెస్. ఆ సిమ్ కువైట్‌లో ఉన్న కొడుకు దగ్గరో, అత్తవారింట్లో ఉన్న కూతురి దగ్గరో ఉంటే సంగతి మీకు తెలిసేసరికి సొమ్ము నాలుగు ఖాతాలు దాటిపోతుంది.

• ఫోన్ తాళానికి ఒక సంఖ్య, యూపీఐ పిన్‌కు వేరొక సంఖ్య. పుట్టిన సంవత్సరం, మోటారు సైకిల్ నంబరు పనికిరావు. పిన్‌ను ఫోన్ కవరు లోపల కాగితం మీద రాసి పెట్టినవారిని నేను లెక్కలేనంత మందిని చూశాను.

• ఒక చిన్న నోటు పుస్తకం. అందులో సైబర్ నేరాల సహాయ సంఖ్య 1930, జాతీయ వినియోగదారుల సహాయ సంఖ్య 1915, మీ ఏటీఎం కార్డు వెనక గానీ పాస్‌బుక్ మీద గానీ అచ్చయి ఉన్న బ్యాంకు నంబరు రాసుకోండి. ఈ నంబర్లు అవసరమయ్యేది కంగారులో ఉన్నప్పుడు. కంగారులో వెతికితే దొరికేది మోసగాడి నంబరే.

1. మీ డబ్బు ఎవరి చేతుల మీదుగా వెళుతుందో తేల్చుకోండి

అమెజాన్, ఫ్లిప్‌కార్ట్, మీషో వంటి వేదికల మీద కొన్నప్పుడు మీరు కట్టిన సొమ్ము ముందు ఆ వేదికకు చేరి, తరువాత అమ్మకందారుకు వెళుతుంది. సరుకు రాకపోతే అడగడానికి మధ్యలో ఒకరు ఉన్నారన్నమాట. "ఆర్డర్ రద్దు చేసి నా నంబరుకు నేరుగా పంపండి, రెండు వందలు తగ్గిస్తాను" అని అమ్మకందారు ఫోన్ చేస్తే ఒప్పుకోవద్దు. ఆ రెండు వందల కోసం మీరు వదులుకునేది ఆ మధ్యవర్తినే.

దుకాణం సొంత వెబ్‌సైట్ అయితే, చిరునామా గడిలో అక్షరాలను ఒక్కొక్కటిగా చదవండి. పేరున్న దుకాణం పేరులో ఒక అక్షరం మార్చి పెట్టిన సైట్లు పండుగల ముందు పుట్టుకొస్తాయి. గడి పక్కన తాళం గుర్తు ఉంది కదా అని నిశ్చింతగా ఉండడం చాలామంది చేసే పొరపాటు. మీ ఫోన్‌కూ ఆ సైట్‌కూ మధ్య సాగే మాటలు మూడోవాడు వినలేడని మాత్రమే ఆ గుర్తు చెబుతుంది. అవతల ఉన్నవాడు దొంగా దొరా అన్నది చెప్పదు.

ఇక మూడో రకం, ఇన్‌స్టాగ్రామ్‌లోనో, ఫేస్‌బుక్‌లోనో బొమ్మలు పెట్టి, వాట్సాప్‌లో బేరం మాట్లాడి, ఫోన్ నంబరుకో క్యూఆర్ కోడ్‌కో డబ్బు పంపమనేవారు. మన గోదావరి జిల్లాల్లో ఇళ్ల నుంచి జరిగే అమ్మకాలు ఎక్కువగా ఇలాగే సాగుతున్నాయి. ఆత్రేయపురం పూతరేకులు, నరసాపురం లేసు, బండారులంక చీరలు, కడియం మొక్కలు, ఆవకాయలు, ఇవన్నీ అమ్మేవారిలో నిజాయతీపరులే ఎక్కువ కాబట్టి వారి దగ్గర కొనడం మానమని నేను చెప్పను. మధ్యవర్తి లేడు గనుక ఆ మధ్యవర్తి చేయవలసిన పరిశీలన మీరే చేసుకోవాలి.

2. అమ్మేవారిని పరిశీలించండి

తినే వస్తువైతే ఆహార భద్రతా సంస్థ ఎఫ్ఎస్ఎస్ఏఐ ఇచ్చిన 14 అంకెల సంఖ్య అడగండి. ఇంట్లో పచ్చళ్లు పెట్టి అమ్మే చిన్న తయారీదారు కూడా నమోదు చేయించుకోవలసిందే, ఆ నమోదు పత్రం మీదా 14 అంకెలే ఉంటాయి. ఆ సంస్థ వారి ఫోస్కోస్ వెబ్‌సైట్‌లో ఆ సంఖ్య కొట్టి చూస్తే అది ఎవరి పేరు మీద, ఏ చిరునామాలో ఉందో కనిపిస్తుంది.

వస్త్రాలు, యంత్రాలు, ఫోన్లు అమ్మే దుకాణమైతే జీఎస్టీ సంఖ్య అడగండి. అందులో 15 అక్షరాలూ అంకెలూ కలిసి ఉంటాయి, మొదటి రెండు అంకెలు రాష్ట్రానివి. ఆంధ్రప్రదేశ్‌కు 37, తెలంగాణకు 36. కాకినాడలో దుకాణం అని చెప్పి, ఇచ్చిన సంఖ్య వేరే అంకెలతో మొదలైతే కారణం అడగవలసిందే. జీఎస్టీ పోర్టల్‌లో పన్ను చెల్లింపుదారును వెతికే చోట ఆ సంఖ్య ఇస్తే వ్యాపారం పేరు, అది ఇప్పటికీ చెల్లుబాటులో ఉందా లేదా అన్నది ఉచితంగా తెలుస్తుంది. ఇంటి దగ్గర లేసు అల్లి అమ్మే ఆవిడకు జీఎస్టీ లేకపోవచ్చు, అంతమాత్రాన ఆవిడను అనుమానించకండి. లేదని చెప్పినవారి కంటే, తప్పుడు సంఖ్య ఇచ్చినవారి దగ్గరే భయపడాలి.

బొమ్మలను బట్టి నమ్మవద్దు. మంచి బొమ్మలు ఎవరి పేజీ నుంచైనా తీసుకోవచ్చు. ఆ చీర మీద గానీ, ఆ వస్తువు పక్కన గానీ మీ పేరూ ఈ రోజు తేదీ రాసిన కాగితం పెట్టి కొత్తగా ఫోటో తీసి పంపమని అడగండి, లేదా వీడియో కాల్‌లో చూపించమనండి. సరుకు దగ్గర ఉన్నవారికి ఇది రెండు నిమిషాల పని. లేనివారు "షాపు మూసేశాం", "స్టాకు గోడౌన్‌లో ఉంది", "నమ్మకం లేకపోతే కొనకండి" అంటారు. మూడో మాట వినగానే నిజంగానే కొనకుండా ఊరుకోండి.

ధర కూడా ఒక సాక్ష్యమే. మగ్గం మీద నేయడానికి వారాలు పట్టే అసలు ఉప్పాడ జాందానీ పట్టు చీరను తొమ్మిది వందలకు ఇస్తానన్నవాడు, వేరే చీరనైనా పంపుతాడు, ఏదీ పంపకుండానైనా పోతాడు. "ఇంకా రెండే మిగిలాయి, పది నిమిషాల్లో కట్టకపోతే వేరేవాళ్లకు వెళ్లిపోతుంది" అన్న తొందర అందుకు తోడైతే ఫోన్ పక్కన పెట్టి కాఫీ తాగి రండి.

3. డబ్బు కట్టే పద్ధతి ఎంచుకోండి

ఎదుటివారు కొత్తవారైతే, వస్తువు వచ్చాక డబ్బు ఇచ్చే పద్ధతి ఉందేమో ముందు అడగండి. ఊరి పోస్టాఫీసుల్లో వాల్యూ పేయబుల్ పద్ధతి కూడా ఉంది, మీరు కట్టిన సొమ్మును తపాలా శాఖే అమ్మకందారుకు చేరుస్తుంది. ఈ పద్ధతుల్లోనూ పెట్టెలో రాయి ఉండే ప్రమాదం పూర్తిగా పోదు గనుక, తెరిచి చూపించే సౌకర్యం ఉన్న చోట దాన్ని ఎంచుకోండి. మీరు ఆర్డర్ ఇవ్వని పార్సెల్ మీ పేరున వచ్చి డబ్బు కట్టమంటే, ఇంట్లో ఎవరైనా తెప్పించారేమో కనుక్కునే వరకు ఒక్క రూపాయి ఇవ్వవద్దు.

పెద్ద మొత్తమైతే, క్రెడిట్ కార్డు ఉన్నవారు కార్డుతోనే కట్టండి. సరుకు రాలేదని కార్డు ఇచ్చిన బ్యాంకుకు వివాదం నమోదు చేసే మార్గం అందులో ఉంది. 2022 అక్టోబర్ 1 నుంచి దుకాణాల సైట్లు మీ కార్డు నంబరును దాచుకోకూడదన్న రిజర్వ్ బ్యాంకు నిబంధన అమల్లో ఉంది. నంబరుకు బదులు ఒక టోకెన్ మాత్రమే వారి దగ్గర ఉంటుంది.

యూపీఐలోనే కట్టవలసి వస్తే మొత్తం ఒకేసారి పంపకండి. పార్సెల్ పోస్టు చేసి రసీదు పంపాక మిగతాది ఇస్తానని చెప్పి బయానా మాత్రం ఇవ్వండి. పూర్తిగా పోయినా బాధపడనంత చిన్నదిగా ఆ బయానా ఉండాలి.

4. తెర మీద పేరు చదివి, తరువాతే పిన్ నొక్కండి

మొత్తం వ్యవహారంలో అతి ముఖ్యమైన మెట్టు ఇది. నంబరు కొట్టగానే, లేదా కోడ్ స్కాన్ చేయగానే అవతలివారి పేరు తెర మీద కనిపిస్తుంది. వెనకటికి ఎవరికి తోచిన పేరు వారు పెట్టుకుంటే అదే చూపించేవారు. 2025 జూన్ 30 నాటికి అన్ని యూపీఐ యాప్‌లూ బ్యాంకు రికార్డుల్లో ఉన్న అసలు పేరునే చూపించాలని నేషనల్ పేమెంట్స్ కార్పొరేషన్ నిర్దేశించింది కాబట్టి, ఇప్పుడు ఆ పేరుకు విలువ ఉంది. దాన్ని చదవకుండా పిన్ నొక్కడం, చెక్కు మీద పేరు గడి ఖాళీగా వదిలి సంతకం పెట్టడం వంటిది.

పేరు సరిపోకపోతే ఏం చేయాలని అడుగుతారు. దుకాణం ఖాతా భర్త పేరు మీదో, కొడుకు పేరు మీదో ఉండడం మన ప్రాంతంలో మామూలే. అందుకని నేనొక చిన్న ఉపాయం పాటిస్తాను. నంబరు కొట్టక ముందే "పంపితే మాకు ఎవరి పేరు కనిపిస్తుందండీ?" అని అడుగుతాను. నిజమైన అమ్మకందారు వెంటనే చెబుతారు. ఇతరుల ఖాతాలు అద్దెకు తీసుకుని మార్చి మార్చి వాడేవాడు తడబడతాడు, లేదా "ఏ పేరు వచ్చినా ఫరవాలేదు, పంపేయండి" అంటాడు.

ఇంత చెబుతున్న నేనూ ఒకసారి మోసపోయాను. గోదావరి నీరు ఎర్రబడిన రోజుల్లో, ధవళేశ్వరంలో అప్పుడే వల నుంచి తీసిన పులస అంటూ ఫేస్‌బుక్‌లో ఒకరు ఫోటో పెట్టారు. పుస్తెలమ్మైనా పులస తినాలన్న మాట వింటూ పెరిగినవాణ్ణి, ఆగలేకపోయాను. తెర మీద కనిపించిన పేరుకూ, అతను చెప్పిన పేరుకూ ఒక్క అక్షరం కలవలేదు. అది నేను స్పష్టంగా చూశాను. చూసి కూడా, ఇంకెవరైనా కొనేస్తారేమోనన్న ఆత్రంతో రెండు వేల రూపాయల బయానా పంపాను. చేప రాలేదు, ఫోన్ మూగబోయింది. ఆదివారం పూట ఇంట్లో పప్పుచారు తిన్నాం.

ఇదే మెట్టు దగ్గర మరికొన్ని పొరపాట్లు తరచుగా జరుగుతాయి.

ఒక రూపాయి పంపి చూడడం మంచి అలవాటే, కానీ నంబరు సరైనదని, పేరు ఫలానా అని తెలియడానికి మించి దాని వల్ల ప్రయోజనం లేదు. రూపాయి అందినంత మాత్రాన ఎదుటివాడు నిజాయతీపరుడైపోడు. రూపాయి అందిన వెంటనే ఇరవై వేలు పంపి కూర్చున్నవారు నాకు తెలుసు.

డబ్బు రావడానికి పిన్ అక్కరలేదు. పిన్ అవసరమయ్యేది డబ్బు పంపడానికీ, ఖాతాలో నిల్వ చూడడానికీ మాత్రమే. "మీ రీఫండ్ పంపుతున్నాం, పిన్ కొట్టి స్వీకరించండి" అన్నవాడు మీ ఖాతా నుంచి తీసుకుంటున్నాడు. క్యూఆర్ కోడ్ సంగతి కూడా ఇంతే. దాన్ని స్కాన్ చేసినవారి డబ్బు పోతుంది, వారికి డబ్బు రాదు.

డబ్బు అడుగుతూ యాప్‌లోకి వచ్చే అభ్యర్థనల విషయంలో ఒక మార్పు వచ్చింది. వ్యక్తులు ఒకరికొకరు అలా అభ్యర్థన పంపే పద్ధతిని 2025 అక్టోబర్ 1 నుంచి ఆపివేశారు. కొన్ని రకాల వ్యాపార ఖాతాల నుంచి మాత్రం ఇంకా రావచ్చు. కనుక దుకాణం పేరుతో వచ్చిన అభ్యర్థనను, మీరే ఆ దుకాణంలో ఆ క్షణాన కొంటున్నారా, మొత్తం సరిగ్గా ఉందా అని చూసి, లేకపోతే తిరస్కరించండి.

ఆటోపే అన్న మాట తెర మీద కనిపిస్తే ఆగండి. మీరు ఒకసారి కట్టే సొమ్ముకు కాక, నెలనెలా దానంతట అది తెగే ఏర్పాటుకు అనుమతి అడుగుతున్నారని దాని అర్థం. ఎంత వరకు, ఎప్పటి వరకు అన్నవి చదవండి. ఇప్పటికే పొరపాటున ఇచ్చి ఉంటే యాప్‌లోని ఆటోపే లేదా మ్యాండేట్ల విభాగంలో రద్దు చేయవచ్చు.

5. కట్టిన తరువాత సరిచూసుకోండి

"సక్సెస్" అన్న ఆకుపచ్చ గుర్తు చూసి సరిపెట్టుకోకుండా, లావాదేవీ వివరాల్లోకి వెళ్లి ఆ లావాదేవీని గుర్తించే 12 అంకెల యూటీఆర్ సంఖ్యను, చేరినవారి పేరును, మొత్తాన్ని చూసి ఆ తెరను ఫోటోగా దాచండి. తరువాత బ్యాంకు ఎస్సెమ్మెస్‌లోని మొత్తంతో పోల్చండి. అమ్మకందారుతో జరిగిన వాట్సాప్ మాటలు, వారి పేజీ, వస్తువు బొమ్మ, చెప్పిన ధర, వీటన్నిటినీ స్క్రీన్‌షాట్ తీయండి. మోసం బయటపడిన మరుక్షణం ఆ పేజీ మాయమవుతుంది.

లంక ఊళ్లలో, పంటు మీద గోదావరి దాటుతున్నప్పుడు సిగ్నల్ మధ్యలో పోయి "పెండింగ్" అని రావడం మనకు అలవాటే. అప్పుడు వెంటనే రెండోసారి కట్టవద్దు, మొదటిదీ రెండోదీ రెండూ చేరిపోవచ్చు. ముందు నిల్వ చూడండి. ఇంటర్నెట్ లేకపోయినా సాధారణ సిగ్నల్ ఉంటే *99# నొక్కి చూడవచ్చు.

6. పార్సెల్ వచ్చే వరకు

పోస్టులో పంపామని చెబితే ట్రాకింగ్ సంఖ్య అడగండి. స్పీడ్ పోస్టు సంఖ్యలో ముందు రెండు ఇంగ్లీషు అక్షరాలు, మధ్యలో తొమ్మిది అంకెలు, చివర దేశానికి రెండు అక్షరాలు, మొత్తం 13 ఉంటాయి. ఇండియా పోస్ట్ వెబ్‌సైట్‌లో మీరే కొట్టి చూడండి. అమ్మకందారు పంపిన లింకు ద్వారా చూడవద్దు.

"చిరునామా సరిగా లేదు, అయిదు రూపాయలు కట్టి సరిచేయండి" అంటూ కొరియర్ పేరుతో వచ్చే సందేశాలు ఈ దశలోనే వస్తాయి. వారికి కావలసింది ఆ అయిదు రూపాయలు కాదు. ఆ లింకు మీ చేత ఏపీకే దింపిస్తుంది, లేదా కార్డు వివరాలు అడుగుతుంది. అలాగే, ఆలస్యమైందని కస్టమర్ కేర్ నంబరు కోసం ఇంటర్నెట్‌లో వెతకడం ప్రమాదం. వెతుకులాటలో పైన కనిపించే నంబర్లను మోసగాళ్లు కూడా పెట్టగలరు. యాప్ లోపల ఉన్న సహాయం విభాగానికే వెళ్లండి. అవతలివాడు ఎనీడెస్క్ వంటి, మీ తెరను తనకు చూపించే యాప్ దించుకోమన్నాడంటే మాట మధ్యలోనే ఫోన్ పెట్టేయండి. మర్యాద కోసం వినడం వల్లే మన పెద్దవాళ్లు ఎక్కువగా నష్టపోతున్నారు.

పార్సెల్ చేతికి రాగానే, విప్పక ముందు నుంచి, చిరునామా చీటీ కనిపించేలా మొదలుపెట్టి, ఎక్కడా ఆపకుండా వీడియో తీస్తూ విప్పండి. తప్పు వస్తువు వచ్చినప్పుడు అమ్మకందారు ముందు అడిగేది అదే.

7. తేడా వస్తే ఏం చేయాలి

ముందు మీకు జరిగింది ఏ రకమో గుర్తించండి. ఒక్కోదానికి ఒక్కో దారి.

ఖాతాలో తెగింది, అవతల చేరలేదు. ఇది సాంకేతిక లోపం, మోసం కాదు. 2019 సెప్టెంబర్‌లో రిజర్వ్ బ్యాంకు ఇచ్చిన ఆదేశం ప్రకారం, వ్యక్తికి పంపినదైతే మరుసటి రోజుకల్లా, దుకాణానికి కట్టినదైతే అయిదు రోజుల్లోగా సొమ్ము దానంతట అది వెనక్కి రావాలి. ఆ గడువు దాటితే రోజుకు వంద రూపాయల పరిహారం బ్యాంకు ఇవ్వాలి. కంగారు పడి ఎవరికీ ఫోన్లు చేయకుండా గడువు వరకు ఆగి, రాకపోతే యాప్‌లో ఆ లావాదేవీ మీద నొక్కి ఫిర్యాదు నమోదు చేయండి.

మీరు పిన్ నొక్కకుండానే డబ్బు పోయింది. ఒక్క గంట కూడా ఆగవద్దు. బ్యాంకుకు ఫోన్ చేసి ఖాతాను ఆపించి, ఫిర్యాదు సంఖ్య తీసుకోండి, తరువాత 1930కు చేయండి. రిజర్వ్ బ్యాంకు 2017 జూలైలో ఇచ్చిన నిబంధనల ప్రకారం, మీ తప్పూ బ్యాంకు తప్పూ లేకుండా జరిగిన అనధికార లావాదేవీని మూడు పని దినాల్లోగా తెలియజేస్తే మీ మీద భారం ఉండదు. పిన్ గానీ ఓటీపీ గానీ మీరే చెప్పి ఉంటే, బ్యాంకుకు తెలియజేసేంత వరకు జరిగిన నష్టం మీదే. తెలియజేసిన తరువాత జరిగేది బ్యాంకుది. అందుచేత సిగ్గుపడి దాచిన ప్రతి గంటా మీ జేబు నుంచే పోతుంది.

మీరే పిన్ నొక్కారు, అమ్మేవాడు మోసగాడు. దీనికి పై మూడు రోజుల నిబంధన వర్తించదని తెలియక చాలామంది బ్యాంకు మేనేజరుతో వాదనకు దిగి సమయం పోగొట్టుకుంటారు. చేయవలసింది వెంటనే 1930కు ఫోన్ చేయడం, లేదా జాతీయ సైబర్ నేరాల పోర్టల్‌లో నమోదు చేయడం. సొమ్ము ఇంకా ఏదో ఒక ఖాతాలో ఉండగా తెలియజేయగలిగితే దాన్ని అక్కడే నిలిపివేసే అవకాశం ఉంటుంది. ఫోన్ చేసే ముందు యూటీఆర్ సంఖ్య, తేదీ, సమయం, మొత్తం, అవతలి యూపీఐ ఐడీ, ఫోన్ నంబరు ఒక కాగితం మీద రాసి ముందు పెట్టుకోండి. కోపంతో వాట్సాప్ మాటలు చెరిపేయకండి, అదే మీ సాక్ష్యం. నిలిపివేసిన సొమ్ము చేతికి రావడానికి పోలీసు స్టేషన్ చుట్టూ, కొన్నిసార్లు కోర్టు చుట్టూ తిరగవలసి వస్తుంది. ఈలోగా "మీ పోయిన డబ్బు రప్పిస్తాం, ఫీజు కట్టండి" అని ఎవరైనా ఫోన్ చేస్తే, అది రెండో మోసం.

అమ్మకందారు నిజమైనవారే, సరుకు బాగోలేదు. ఇది వినియోగదారుల వ్యవహారం. 2020 ఈ-కామర్స్ నిబంధనల ప్రకారం ఆన్‌లైన్ వేదిక ఫిర్యాదుల అధికారి మీ ఫిర్యాదు అందినట్టు 48 గంటల్లో తెలియజేసి, నెలలోగా పరిష్కరించాలి. లేకపోతే 1915కు చెప్పండి. అదీ పనిచేయకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్ ఉంది. అమ్మినవాడు సూరత్‌లో ఉన్నా మీరు నివసించే జిల్లాలోనే వేయవచ్చు, కొన్న వస్తువు విలువ అయిదు లక్షల లోపు అయితే రుసుము లేదు.

బ్యాంకు మీద చేసిన ఫిర్యాదుకు 30 రోజుల్లో జవాబు రాకపోయినా, వచ్చిన జవాబు తృప్తిగా లేకపోయినా రిజర్వ్ బ్యాంకు అంబుడ్స్‌మన్‌కు ఉచితంగా పంపవచ్చు. ముందు బ్యాంకుకు ఫిర్యాదు చేసిన ఆధారం లేకుండా పంపితే తిప్పి పంపుతారు కాబట్టి ఆ సంఖ్యను పారేయకండి.

మీరే అమ్మేవారైతే

పూతరేకులు, మొక్కలు అమ్మేవారు కూడా నన్ను అడుగుతుంటారు కాబట్టి రెండు మాటలు. కొన్నవారు పంపే చెల్లింపు స్క్రీన్‌షాట్‌ను నమ్మి పార్సెల్ కట్టవద్దు, అలాంటి బొమ్మ తయారుచేసే నకిలీ యాప్‌లు ఉన్నాయి. "పొరపాటున అయిదు వందలకు బదులు అయిదు వేలు పంపాను, మిగతాది వెనక్కి వేయండి" అని కంగారు పెట్టేవారు పంపిన ఎస్సెమ్మెస్, బ్యాంకు పేరుతో కాక మామూలు పది అంకెల నంబరు నుంచి వచ్చి ఉంటుంది, గమనించండి. సొమ్ము నిజంగా పడినా మీరుగా తిరిగి పంపకుండా, వారి బ్యాంకు ద్వారా అడగమని చెప్పండి. పెట్టెను కొరియర్ మనిషి చేతికి ఇచ్చే ముందు మీ యాప్ తెరిచి, మీ ఖాతా నిల్వలో ఆ సొమ్ము కలిసిందో లేదో మీ కళ్లతో చూసుకోండి.